మ్యూజియం చీటీలో లేని కాలమ్
(ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా ఏ విషయాలు చర్చకు వస్తాయో మీకు తెలుసు. ఉపకార వేతనాలు, వక్ఫ్ భూముల ఆక్రమణలు, ఉర్దూ పాఠశాలల్లో భర్తీ కాని ఉద్యోగాలు, రిజర్వేషన్ల వ్యాజ్యాలు. వీటి నడుమ మ్యూజియంల చరిత్ర గురించి మాట్లాడతానని నేను చెప్పినప్పుడు నిర్వాహకులలో ఒకరు, "జనాబ్, అది కడుపు నిండినవారి ముచ్చట కదా" అన్నారు. ఆ అనుమానం సహజమే. మనలో చాలామందికి మ్యూజియం అంటే సెలవురోజున పిల్లలను తీసుకువెళ్ళి, గడియారం గంట కొట్టేదాకా నిలబడి, బయటకు వచ్చి ఐస్‌క్రీం కొనిపెట్టే చోటు.

అయితే నేను 34 సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసినవాడిని. ఆ ఉద్యోగం నాకు నేర్పిన విద్య ఒక్కటే. రిజిస్టరులో ఏ కాలమ్ ఉంటే ఆ సమాచారమే మిగులుతుంది. కాలమ్ లేని సంగతి ఆ తరం ఉద్యోగులు పదవీ విరమణ చేయగానే మాయమవుతుంది. భూమికి పట్టా ఎటువంటిదో, గాజు పెట్టెలోని వస్తువుకు పక్కన అతికించిన చీటీ అటువంటిది. వస్తువు పేరు, దేశం, శతాబ్దం, దేనితో తయారైంది, ఎవరు ఇచ్చారు. ఏ మ్యూజియానికి వెళ్ళినా చీటీలో దాదాపు ఇవే కాలమ్‌లు కనిపిస్తాయి. ఆ వస్తువు ఎవరి ఇంట, ఏ మసీదులో, ఏ పనికి వాడుకలో ఉండేది, అక్కడి నుంచి ఇక్కడికి ఏ విధంగా చేరింది అనే కాలమ్‌లు చాలాచోట్ల ఉండవు. ఈ లేని కాలమ్‌ల గురించే ఈ పూట నా ప్రసంగం.

మ్యూజియం అనే మాట గ్రీకులది. ప్రాచీన అలెగ్జాండ్రియాలో పండితులు కూర్చుని చదువుకొనే సంస్థకు ఆ పేరు ఉండేది. మనం ఈనాడు చూసే మ్యూజియం మాత్రం యూరప్‌లో 16, 17 శతాబ్దాల సంపన్నుల ఇళ్ళలో పుట్టింది. రాజులు, వైద్యులు, వర్తకులు తమ ఇంట ఒక గదిని వింత వస్తువులతో నింపి అతిథులకు చూపించేవారు. లండన్‌లో సర్ హాన్స్ స్లోన్ అనే వైద్యుడు ఈ విధంగా సుమారు 71,000 వస్తువులను పోగుచేశాడు. 1753లో ఆయన మరణించాక పార్లమెంటు వాటిని తీసుకొని బ్రిటిష్ మ్యూజియం స్థాపించింది. 1759 జనవరిలో తలుపులు తెరిచారు. ప్రవేశం ఉచితమే గాని, ముందుగా అర్జీ పెట్టుకొని టికెట్టు కోసం వేచి ఉండాలి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన కార్యాలయాలే జ్ఞాపకం వచ్చాయి. స్లోన్‌గారి సంపదలో కొంత జమైకా చెరకుతోటల్లో బానిసల శ్రమ నుంచి వచ్చింది. ఆ మాట రెండున్నర శతాబ్దాలు చీటీ మీదికి ఎక్కలేదు. 2020లో ఆయన విగ్రహాన్ని పీఠం మీది నుంచి తీసి, గాజు పెట్టెలో ఉంచి, బానిసత్వపు ప్రస్తావనతో వివరణ రాశారు. అంటే చీటీ శిలాశాసనం కాదు, మార్చదగినదే. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి.

పారిస్‌లో 1793 ఆగస్టు 10న లూవ్ర్ రాజప్రాసాదాన్ని సామాన్యులకు తెరిచారు. రాజుగారి సొత్తు ప్రజల సొత్తు అయింది. సంతోషించవలసిన మాటే. కానీ కొద్ది సంవత్సరాలకే నెపోలియన్ సేనలు ఇటలీ నుంచి విగ్రహాలను, చిత్రాలను బండ్లకెత్తి అదే లూవ్ర్‌కు తరలించాయి. 'ప్రజల మ్యూజియం' అన్నప్పుడు ఏ ప్రజలు అనే ప్రశ్న ఆనాడే పుట్టింది.

మన దేశంలో 1814లో కలకత్తాలోనూ, 1851లో మద్రాసులోనూ మ్యూజియంలు వెలిశాయి. మద్రాసు మ్యూజియాన్ని మన పూర్వులు 'చచ్చిన కాలేజీ' అనీ, జంతువులుండే తోటను 'బతికిన కాలేజీ' అనీ పిలిచేవారు. చదువురానివారు పెట్టిన పేరైనా, నాకు తెలిసినంతలో మ్యూజియానికి అంతకంటె సూక్ష్మమైన నిర్వచనం పండితులు కూడా చెప్పలేదు. వాడుకలో ఉన్నంతకాలం వస్తువు బతికి ఉంటుంది. వాడుక ఆగిపోయి గాజు వెనుకకు చేరినప్పుడు అది మరొకటి అవుతుంది. ఆ మద్రాసు మ్యూజియంలోనే మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు ముందు మద్రాసుకు చేరాయి. వాటిలో వందకు పైగా 1859లో ఓడలో లండన్‌కు పోయి, నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బౌద్ధుల పూజాస్థలం రెండు ఖండాలకు చీలిపోయింది. నేను ఈ రోజు ముఖ్యంగా ముస్లిముల వస్తువుల గురించే మాట్లాడుతున్నా, ఈ నష్టం మన ఒక్కరిదే అని ఎవరూ అనుకోరాదు.

వాడుక నుంచి గాజు వెనుకకు పోవడమంటే ఏమిటో ఒక్క తివాచీ కథతో చెబుతాను. ఇరాన్‌లోని అర్దబీల్ పట్టణంలో షేక్ సఫీయుద్దీన్ దర్గా ఉంది. హిజ్రీ 946లో, అంటే క్రీ.శ. 1539-40లో నేసిన ఒక జత తివాచీలు ఆ దర్గావి. ఒక్కొక్కటి 10 మీటర్లకు పైగా పొడవు, 5 మీటర్లకు పైగా వెడల్పు. ఒక చివర చిన్న చట్రంలో హాఫిజ్ కవి ద్విపద, దాని కింద మక్సూద్ కాషానీ అనే పేరు, సంవత్సరం నేతలోనే కనిపిస్తాయి. ఆ మక్సూద్ తనను తాను గొప్ప కళాకారుడని చెప్పుకోలేదు, ఆ గుమ్మానికి బానిసనని నేయించుకున్నాడు. సుమారు మూడున్నర శతాబ్దాల తర్వాత, 19వ శతాబ్దం చివరి రోజుల్లో, అవి యూరప్ వర్తకుల చేతికి చిక్కాయి. రెండూ చిరిగి ఉన్నాయి. ఒకదానిని కోసి రెండవదానికి అతుకులు వేసి, ఆ అతికిన తివాచీని లండన్‌లో అమ్మకానికి పెట్టారు. విలియం మోరిస్ అనే ప్రసిద్ధ కళాకారుని సలహాపై, నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అని పిలిచే మ్యూజియం 1893లో 2,000 పౌండ్లకు దానిని కొన్నది. కోతకు గురైన జత తివాచీ అమెరికా చేరి, ఇప్పుడు లాస్ ఏంజిలెస్‌లో ఉంది.

లండన్‌లో ఆ తివాచీని చాలా దశాబ్దాలు గోడకు వేలాడదీశారు. ఆలోచించండి. సజ్దా చేసేవారి నుదుటికీ, ప్రదక్షిణంగా నడిచేవారి పాదాలకూ తెలిసిన వస్తువు గోడమీద బొమ్మ అయింది. నేలమీద కూర్చున్నవాడికి ఒక మూల నుంచి మరో మూలకు తోటలాగా కనిపించవలసినది, నిలబడి తలెత్తి చూసే చిత్రపటంగా మారింది. 2006లో ఆ మ్యూజియంవారు దానిని తిరిగి నేలకు దించి, పైన గాజు గది కట్టారు. రంగులు వెలిసిపోకుండా ఉండేందుకు గంటకూ, అరగంటకూ పది నిమిషాలు మాత్రమే దీపాలు పూర్తిగా వెలిగిస్తారు. మిగిలిన సమయంలో అది మసక వెలుతురులో ఉంటుంది. నా అభిప్రాయంలో ఇది గౌరవప్రదమైన మార్పే. తివాచీ ఉండవలసినచోట ఉంది. దాని మీద పాదం మోపేవాడు మాత్రం ఇక ఎన్నటికీ ఉండడు. 'అక్కడే ఉంటే చీకిపోయేది కదా, వీళ్ళు కాపాడారు కదా' అనేవారున్నారు. నిజమే కావచ్చు. కానీ కాపాడడానికి ముందు దాని జతను కోసిన కత్తెరను కూడా చీటీలో రాయాలి కదా.

తివాచీని కొన్నారు. అందరూ కొనలేదు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో టిప్పు సుల్తాన్ పోరాడుతూ మరణించాడు. ఆ తర్వాత జరిగిన దోపిడీలో ఆయన సంగీతశాల నుంచి ఒక చెక్క పులి ఇంగ్లీషువారికి దొరికింది. పులి ఒక యూరప్ సైనికుని మీద పడి గొంతు పట్టుకొని ఉంటుంది. పక్కనున్న పిడి తిప్పితే లోపలి యంత్రం వల్ల సైనికుని చేయి లేచి మూలుగు వినబడుతుంది, పులి గర్జిస్తుంది. 1808 నుంచి దానిని లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో జనానికి చూపించారు. వచ్చినవాడల్లా పిడి తిప్పేవాడట. ఆ గది పక్కన పుస్తకాలు చదువుకొనేవారికి ఆ చప్పుడు పెద్ద బాధ అయింది. ఆనాటి ప్రేక్షకులకు అది 'క్రూరుడైన సుల్తాను' ఆటవస్తువు. అట్లాంటి క్రూరుణ్ణి ఓడించామని చెప్పుకోవడానికి వారికి అది సాక్ష్యం. తమ దేశాన్ని ఆక్రమించవచ్చిన కంపెనీ సైన్యం మీద ఒక పాలకుడు పెంచుకున్న కోపానికి అది రూపమని చెప్పే కాలమ్ అక్కడ లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో పైకప్పు కూలి పులి ముక్కలైతే ఓపికగా అతికించారు. ఇప్పుడు అది కూడా నేను చెప్పిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే ఉంది. వస్తువు ఒక్కటే. చీటీ మారినకొద్దీ సుల్తాను స్వభావం మారిపోయింది.

టిప్పు సింహాసనాన్ని దోపిడీ సొమ్ము పంచే అధికారులు ముక్కలు చేశారు. దానిపైని హుమా పక్షి, ఒక బంగారు పులి తల ఇంగ్లండు రాజవంశం వద్దకు చేరాయి. ఆయన గుడారం వేల్స్‌లోని పోవిస్ కోటలో, క్లైవ్ వంశస్థుల సేకరణలో ఉంది. ఒకప్పుడు ఆ కుటుంబం తమ తోట విందులకు ఆ గుడారాన్ని వేసుకొనేవారు. ఆయన గ్రంథాలయంలోని దాదాపు 2,000 రాతప్రతుల జాబితాను చార్లెస్ స్టీవర్ట్ అనే పండితుడు 1809లో అచ్చువేశాడు. దోచినవారే అయినా జాబితా రాసినందుకు ఒక గుమాస్తాగా నేను ఆయనకు నమస్కరిస్తాను. ఆ జాబితా లేకపోతే సుల్తాను ఏమేమి చదివేవాడో ఈ రోజు మనకు తెలిసేదే కాదు.

'ఎట్లా వచ్చింది' అనే కాలమ్ నింపితే ఏం జరుగుతుందో మన హైదరాబాదుకే సంబంధించిన ఒక కత్తి చెబుతుంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగర మ్యూజియంలలో ఏనుగులు, పులుల బొమ్మలతో బంగారు పని చేసిన ఒక తల్వార్ ఉండేది. 1905లో అది నిజాం సేకరణ నుంచి దొంగిలించబడి ఒక బ్రిటిష్ సైన్యాధికారికి అమ్మబడిందనీ, ఆయన బంధువు 1978లో దానిని మ్యూజియానికి ఇచ్చాడనీ పరిశోధనలో తేలింది. పాత పద్ధతిలో అయితే చీటీ మీద 'దానం' అన్న ఒక్క మాటతో సరిపోయేది. మ్యూజియంవారు దానం వెనుకకు వెళ్ళి, దాతకు ఎవరిచ్చారు, ఆయనకు ఎవరమ్మారు అని వెతికారు. 2022 ఆగస్టు 19న ఆ తల్వార్‌తో కలిపి 7 వస్తువులను భారతదేశానికి అప్పగించే పత్రం మీద సంతకాలు జరిగాయి. బ్రిటన్ మ్యూజియం ఒకటి మన దేశానికి ఈ విధంగా వస్తువులు తిరిగి ఇవ్వడానికి అంగీకరించడం అదే మొదటిసారి అని పత్రికలు రాశాయి. సైన్యంతోనో ధనంతోనో కాదు, ఒక రిజిస్టరు పేజీని వెనక్కి తిప్పడం వల్ల అది సాధ్యమైంది.

దేశంలోనే ఉండి కూడా కంటికి కనిపించని వస్తువులూ ఉన్నాయి. నిజాం ఆభరణాలను 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. జాకబ్ వజ్రంతో సహా 173 ఆభరణాలు. అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. 2001లోనూ, 2006లోనూ హైదరాబాదులో ప్రదర్శనకు వచ్చాయి. వాటిని శాశ్వతంగా హైదరాబాదులో ఉంచాలని నగరవాసులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఆ కోరికలో న్యాయం ఉంది. నిజాం పాలనలోని తప్పొప్పులను మనం వేరుగా చర్చించుకోవచ్చు, చర్చించాలి కూడా. కానీ ఆ ఆభరణాల వెనుక ఈ నేల రైతు చెల్లించిన శిస్తు ఉంది. ఆ రైతు మనవళ్ళకు వాటిని చూసే హక్కు ఉంది.

ఇక పేరు సంగతి. ఇటువంటి వస్తువులన్నిటినీ కలిపి 'ఇస్లామిక్ కళ' అంటున్నారు. ఈ పేరు ఎప్పటిది, ఎవరు పెట్టారు అని విచారిస్తే వింతలు బయటపడతాయి. కైరోలో పాత మసీదుల నుంచి సేకరించిన వస్తువులను 1880ల ప్రాంతంలో అల్ హాకిమ్ మసీదు ఆవరణలో భద్రపరిచారు. 1903లో బాబుల్ ఖల్క్ వద్ద సొంత భవనం కట్టారు. అప్పుడు దాని పేరు అరబ్ కళల మ్యూజియం. అందులో ఇరానీయుల, తుర్కుల వస్తువులు కూడా ఉన్నాయి గనుక 1952లో ఇస్లామిక్ కళల మ్యూజియం అని మార్చారు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. 2011లో తన 'ఇస్లామిక్' గ్యాలరీలను తిరిగి తెరిచినప్పుడు ఆ మాట తీసేసి అరబ్ దేశాలు, టర్కీ, ఇరాన్, మధ్య ఆసియా, దక్షిణాసియా అని దేశాల పేర్లు పెట్టింది. ఒకరు జాతి పేరు తీసి ధర్మం పేరు పెట్టారు, మరొకరు ధర్మం పేరు తీసి ప్రాంతాల పేర్లు పెట్టారు.

నన్నడిగితే రెండు పేర్లలోనూ ఇరుకు ఉంది. మన మచిలీపట్నం కలంకారీని తీసుకోండి. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ బట్ట ఇరాన్ దాకా పోయేది. కలంకారీ అనే మాటే ఫారసీ. తీగలూ పూలూ ఇరానీ అభిరుచికి తగినవి. అద్దినవారు మన కృష్ణా తీరం పనివారు, వారిలో అన్ని మతాల వారూ ఉన్నారు. దానిని 'ఇస్లామిక్' అంటే అద్దిన చేతుల్లో సగం మరుగున పడతాయి. 'దక్షిణ భారత వస్త్రం' అని మాత్రమే అంటే అది ఎవరి మేడలకు, ఎవరి నమాజు గదులకు పోయిందో మరుగున పడుతుంది. ఈ చిక్కును తెంచడం ఒక్క మాటతో అయ్యే పని కాదు. రెండు వాక్యాల చీటీ రాస్తే సరిపోతుంది. ఆ రెండో వాక్యం కోసమే మనం అడగాలి.

ఇంతకూ ఈ కాలమ్‌లు మనకు కొత్తవి కావు. మ్యూజియంలు పుట్టకముందే మన పెద్దలు వస్తువు మీదనే చీటీ రాసేవారు. వక్ఫ్ చేసిన గ్రంథం మొదటి పుటలో, ఫలానా వ్యక్తి, ఫలానా మదరసాకు, ఫలానా రోజున ఇచ్చాడనీ, దీనిని అమ్మరాదనీ, దానమివ్వరాదనీ, వారసులు పంచుకోరాదనీ రాసి ఉండేది. ఈజిప్టు మమ్లూక్ సుల్తానుల కాలంలో మసీదులకు చేయించిన గాజు దీపాల మీద 'నూర్' సూరాలోని వెలుగు ఆయతు, దానితో పాటు చేయించినవారి పేరు, బిరుదులు రంగు మినాతో రాశారు. దీపం వెలిగించగానే ఆ అక్షరాలు వెలిగేవి. కైరో మ్యూజియంలో ఆ దీపాలు చాలా ఉన్నాయి. ఎవరు ఇచ్చారు, ఎక్కడికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అనే మూడు కాలమ్‌లూ దీపమే చెబుతుంది. 2014 జనవరిలో వీధికి అవతలి వైపు పేలిన కారుబాంబుకు ఆ మ్యూజియం తీవ్రంగా దెబ్బతిన్నది. మూడేళ్ళు ఓపికగా బాగుచేసి 2017లో మళ్ళీ తెరిచారు.

ఇంకా ముఖ్యమైన ఉదాహరణ ఇస్తాంబుల్‌ది. 19వ శతాబ్దం చివరికి టర్కీలోని మసీదుల నుంచి, సమాధుల నుంచి తివాచీలు, ఖుర్ఆన్ ప్రతులు, దీపస్తంభాలు దొంగతనంగా యూరప్ బజారుకు పోసాగాయి. అప్పుడు అక్కడి వక్ఫ్ వ్యవస్థే పూనుకొని, మిగిలిన విలువైన వస్తువులను ఒకచోట చేర్చి, 1914లో సులేమానియా మసీదు ప్రాంగణంలోని పాత లంగర్‌ఖానాలో మ్యూజియం తెరిచింది. దాని పేరే ఇస్లామీ వక్ఫుల మ్యూజియం. బీదలకు గంజి పోసిన వంటశాల వక్ఫ్ వస్తువులకు ఆశ్రయమైంది. మన వక్ఫ్ బోర్డుల సమావేశాలలో భూముల లెక్కలు వస్తాయి, అద్దెల లెక్కలు వస్తాయి. మసీదులోని రాతప్రతి, దర్గాలోని ఇత్తడి దీపం, ఆషూర్‌ఖానాలోని ఆలం లెక్కలోకి వచ్చిన సందర్భం నేను వినలేదు.

ఇప్పుడు మన నగరానికి వద్దాం. నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1949లో సంతానం లేకుండా మరణించారు. జీవితమంతా, ఆదాయమంతా వస్తువులు సేకరించడానికే వెచ్చించారు. జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుడు ఆయన భవనాలలో చెల్లాచెదురుగా ఉన్న వస్తువులను అమర్చారు. 1951 డిసెంబరు 16న, ఆ వంశం నివసించిన దీవాన్ దేవ్డీలోనే పండిట్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో వారసులు రాజీ ఒప్పందం ద్వారా సేకరణను జాతికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. రాష్ట్రపతి జాకిర్ హుసేన్‌గారు ప్రారంభించారు.

దేవ్డీలో ఉన్నప్పుడు అది ఒక మనిషి ఇల్లు. చైనా పింగాణీ పక్కన బీదర్ హుక్కా, దాని పక్కన ఫ్రెంచి కుర్చీ. కొత్త భవనంలో అన్నీ దేశాలవారీగా, రకాలవారీగా విడిపోయాయి. చదువుకొనేవారికి ఇది సౌకర్యమే. కానీ ఈ వస్తువులన్నిటినీ ఒక్క చూపుతో ప్రేమించిన దక్కనీ మనిషి ఆ విభజనలో కొంత పలచబడ్డాడు. జనం ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు నిలబడతారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ విగ్రహాన్ని 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నారు. రాతిలో పలుచని మేలిముసుగు చూసి ఆశ్చర్యపోవలసిందే, నేనూ ఆశ్చర్యపోయాను. గడియారం వద్ద గంట కొట్టే వేళకు కిటకిట. రాతప్రతుల వైపు మాత్రం నేను వెళ్ళినప్పుడల్లా అడుగుల చప్పుడు తక్కువ.

అక్కడ 8,000కు పైగా అరబీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులున్నాయి. వాటిలో ఒక ఖుర్ఆన్ ప్రతి 13వ శతాబ్దపు బాగ్దాద్ లేఖకుడు యాకూత్ అల్ ముస్తఅసిమీ రాసినదిగా ప్రసిద్ధి. దానిమీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబ్ ముగ్గురి సంతకాలున్నాయి. మొదట చూసినప్పుడు నాకు మా కార్యాలయంలో స్టాక్ రిజిస్టరు మీద వార్షిక తనిఖీ సంతకాలు గుర్తుకు వచ్చాయి. తండ్రి చూశాడు, కొడుకు చూశాడు, మనవడు చూశాడు. గ్రంథం మాత్రం గాజు వెనుక ఎప్పుడూ రెండు పుటలే తెరుచుకొని ఉంటుంది. ఇది మ్యూజియంవారి తప్పు కాదు, ఏ గ్రంథాన్నైనా ప్రదర్శించే పద్ధతి అదే. పారాయణం కోసం రాసిన గ్రంథం అక్కడ లిపి అందం కోసం తెరిచి ఉంది. దాని ముందు నిలబడి ఆ రెండు పుటలను నెమ్మదిగా చదవగలిగిన బిడ్డ ఒక్కరు వచ్చినా, ఆ కాసేపు అది మళ్ళీ గ్రంథమవుతుంది. తల్లులు తమ పిల్లలను ముందు అటువైపు తీసుకువెళ్ళమని నా కోరిక. గడియారం ఎక్కడికీ పోదు, గంట గంటకూ కొడుతూనే ఉంటుంది.

బీద్రీ పాత్రల వద్ద మరొక ముచ్చట. జస్తా, రాగి కలిపిన లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. హుక్కా బుడ్డి, పాన్‌దాన్, సురాయి. ఇటువంటి వస్తువుల చీటీలలో సాధారణంగా ఊరు, శతాబ్దం ఉంటాయి. ఏ మ్యూజియంలోనైనా రాజుల పేర్లు కనిపిస్తాయి, వెండి పొదిగినవాడి పేరు అరుదు. అర్దబీల్ తివాచీలో మక్సూద్ తన పేరు తానే నేయించుకోకపోతే ఆయన కూడా మిగిలేవాడు కాదు.

ఈ విమర్శ అంతా మ్యూజియంలవారి మీదికి తోసివేసి ఇంటికి పోవడం న్యాయం కాదు. నా ఉద్యోగ జీవితంలో ఒక కార్యాలయంలో పాత దస్తరాల గదిని ఖాళీ చేసే పని పడింది. ఎర్రగుడ్డలో కట్టిన ఫారసీ, ఉర్దూ కట్టలు వరుసగా ఉన్నాయి. ఇనాముల సనదులు, మసీదు దీపాల ఖర్చుకు ఇచ్చిన మంజూరు పత్రాలు. జాబితాలో వాటికి 'చదువుటకు వీలులేనివి' అని ఒక కాలమ్, దాని పక్కన 'పనికిరానివి' అని మరొక కాలమ్ పెట్టారు. చదవగలిగినవాడు ఆ కార్యాలయంలో లేడు గనుక మొదటి కాలమ్ తిన్నగా రెండవ కాలమ్‌లోకి జారింది. తూకానికి పోయాయి. ఈనాడు ఆ ఊళ్ళలో వక్ఫ్ భూములపై వివాదం వచ్చినప్పుడు పాత ఆధారం చూపమంటున్నారు. ఎక్కడి నుంచి చూపుతాం?

మన మసీదుల్లోనూ ఇదే జరుగుతున్నది. మరమ్మతు పేరిట పాత శిలాఫలకం మీద పెయింటు పూస్తారు, లేదా టైల్సు అతికిస్తారు. కట్టించినవారి పేరు, హిజ్రీ సంవత్సరం అందులోనే ఉన్నాయి. కొత్త టైల్సు మీద చందా ఇచ్చినవారి పేరు మాత్రం పెద్దగా ఉంటుంది. ఇళ్ళలో నానీ అమ్మ పాన్‌దాన్, దాదా హజ్‌కు ఓడలో వెళ్ళినప్పటి పెట్టె, చేతిరాత నిఖానామాలు పాతసామాను బండికి పోతున్నాయి. వాటి ఖరీదు నేను మాట్లాడడం లేదు. మన తాతలు ఈ ఊళ్ళలో ఎట్లా బతికారో చెప్పే సాక్ష్యాలు అవి. 'మీరు ఎక్కడి నుంచి వచ్చారు' అని ఎవరైనా మన బిడ్డలను అడిగే రోజుల్లో ఈ సాక్ష్యాల విలువ నేను వేరుగా చెప్పనక్కరలేదు.

అందుచేత మా కమిటీ తరఫున మేము ఒక రిజిస్టరు తెరిచాము. మ్యూజియం కట్టే స్తోమత మాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. వస్తువు మీ ఇంట్లోనే, మీ మసీదులోనే ఉంటుంది. రిజిస్టరులో 9 కాలమ్‌లు గీశాను. వస్తువు పేరు, మీరు ఇంట్లో దాన్ని పిలిచే పేరు, ఎవరిది, ఎవరు చేశారో తెలిస్తే వారి పేరు, దేనికి వాడేవారు, చివరిసారి ఎప్పుడు వాడారు, మీ ఇంటికి ఎట్లా వచ్చింది, దానిమీద రాత ఏదైనా ఉంటే ఆ రాత, చెప్పినవారి సంతకం లేదా వేలిముద్ర. తెలియని కాలమ్‌ను ఖాళీగా వదలండి, ఊహించి నింపవద్దు. ఇంటి పెద్దావిడ చెబుతుంటే మనవరాలు రాయడం అన్నిటికంటె మంచి పద్ధతి అని ఇప్పటికి మాకు అనుభవంలో తేలింది.

ఉర్దూ, ఫారసీ రాత చదవడానికి ఇద్దరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ప్రతి ఆదివారం జుహ్ర్ తర్వాత మసీదు పక్క గదిలో కూర్చుంటున్నారు. మసీదు మరమ్మతు మొదలుపెట్టే కమిటీలు ఫలకం మీద చేయి వేయకముందు ఒక్క ఫోటో తీసి వారికి పంపితే చాలు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చే నెల పిల్లలతో ఒక బస్సు వేయాలని కూడా అనుకున్నాము. పేర్లు ఇవ్వదలచినవారు, రిజిస్టరు చూడదలచినవారు అస్ర్ నమాజు తర్వాత నా వద్దకు రండి, తలుపు పక్క బల్ల మీదే ఉంది. వస్తువులను ఇక్కడికి మోసుకురానక్కరలేదు, దారిలో పగిలిపోతాయి. సెల్‌ఫోనులో ఫోటో తెస్తే సరిపోతుంది.